విగ్రహానికి కొలతలు

ఫోటో అడుగుతున్నవు. లేదు, నాయనా.
అసెంబ్లీ మెట్ల మీద దిగింది ఒక్కటుండె,
మూడో వరుసల, ఎవరిదో రుమాలు ఎనుక
సగం మొహం, ఒక చెవు.
ఆ చెవును బట్టి మనిషిని చేస్తవా?
చేస్తె చెయ్యొచ్చు. వినుడే ఆయన పని.

సంకోజు మౌనేశ్వరాచారి.
పేరుల మౌనం, బతుకుదెరువు మాటలది.
తండ్రి కల్వకుర్తిల కంసాలి. కుంపటి ముందల కూసొని
గురిగింజలతోని ముక్కుపుల్లలు తూచేటోడు.
కొడుకు ఉర్దూల వకాలత్ పాసయ్యి
నల్లకోటు కుడి జేబుల ఏడు గురిగింజలు ఏసుకొని
అదాలత్‌కు పోయిండు.
ఆ జేబు జర ఉబ్బెత్తుగ పెట్టు.

నేను గుమాస్తాను. అప్పటికి పద్నాలుగేండ్ల పోరన్ని.
ఎడ్లబండిల స్టాంపు కాయితాల ట్రంకుపెట్టె,
దాని మీద నేను, నా ఒళ్లె సిరాబుడ్డి.
డిండి వాగు పొర్లితె ఈ ఒడ్డునే పేషీ తప్పేది.
ఫీజంటె ఏముండె?
చెంచోళ్లు ముంతల తేనె తెస్తుండ్రి,
ఈగలు గూడ అండ్లనే.
గొల్ల బీరయ్య ఒకసారి గొర్రెపిల్లను తోలుకొచ్చి
కోర్టు గడపకు కట్టేసిండు.
మున్సిఫు సాబు వాయిదా చదువుతుంటె
అది మధ్యల అరిసింది.
"ముద్దయి తరఫు గవా, హుజూర్" అన్నడు మా సార్.
పెదాల మీద నవ్వు పెట్టకు.
నవ్వు మాకొదిలేసెటోడు.

బొల్లారేవు బక్కమ్మ కేసు పదకొండేండ్లు.
కృష్ణ ఒడ్డుకు ఏడెకరాల రేగడి.
దేశ్‌ముఖు కాయితం మీద దున్నిండు,
బక్కమ్మ నాగలితోని.
ఏది దున్నుడో తేల్చనీకె పదకొండేండ్లు.
ఫైసలా అయిననాడు ఆమె కాళ్లు మొక్కవోతె
ఎనుకకు జరిగి, జేబులకెళ్లి గింజలు తీసి
ఆమె దోసిట్ల పోసిండు,
ఎకరానికొకటి.

ఆ ఏడెకరాలే ఆయనను గెలిపించినయి.
గోడల మీద మేం రాసింది ఒక్కటే మాట: వకీల్ సాబు.
పట్నంల ఐదేండ్లు.
ఒకనాడు ఆనకట్ట ముచ్చట వచ్చింది.
అందరితోని పాటు చెయ్యెత్తిండు.
నీళ్లొస్తయి, కరెంటొస్తది అన్నరు. వచ్చినయి.
అబద్ధమెందుకు, నా నెత్తి మీద ఈ ఫ్యాను
ఆ కరెంటుతోనే తిరుగుతున్నది.

బొల్లారేవు మునిగింది.
పరిహారం జాబితల బక్కమ్మ పేరు తప్పువడ్డది.
ఈసారి ఆమె రాలె.
మనుమని చేత చిన్న మూట పంపింది.
సార్ ఇప్పిండు. లెక్కపెట్టిండు.
మళ్ల లెక్కపెట్టిండు.

తెల్లారి బస్సెక్కి కొల్లాపురం, ఆడికెళ్లి నడక.
నీళ్ల ఒడ్డున నిలవడి సర్వే నంబర్లు పిలిసిండు,
గొంతెత్తి, పేషీల పిలిసినట్టు:
రెండు వందల పద్నాలుగు,
రెండు వందల పదిహేను బై ఒకటి...
ఎవరు హాజరు పలుకుతరు?
ఒక కొంగ లేసి అటు దిక్కు పోయింది.

ఆ ఎనుక కోటు తొడుగలె. ఓట్లకు నిలవడలె.
బక్కమ్మ పేరు జాబితల ఎక్కిందాంక మాత్రం
పోస్టుకార్డులు రాస్తనే ఉండె,
నా చేత కాదు, తనే.

కమిటోళ్లు చెయ్యెత్తినట్టు పోయ్యమన్నరంట గద.
వద్దు, నాయనా.
కుడి చెయ్యి జేబుల పెట్టు, పిడికిలి బిగిచ్చి.
ఎందుకని అడుగుతె
ముసలోడు చెప్పిండను.

ఇగో, ఇవి పట్టు.
సిమెంటు కలిపేటప్పుడు ఆ పిడికిట్ల ఏసెయ్యి.
ఆరే ఉన్నయంటవా?
ఒకటి నేనుంచుకున్న.
గుమాస్తా ఫీజనుకో.