నో బిడ్

టంగుటూరు పొగాకు వేలం కేంద్రంలో
ఆఖరి బేలు లారీ ఎక్కినాక
మిగిలేది గచ్చు.
ఈ చివర తుమ్మితే ఆ చివర పలికేంత గచ్చు.

దాని మీద హెప్సిబా టీచరు
ముగ్గుపిండితో పెద్ద కోడిగుడ్డు గీసింది.
ఇదే బాట, దీంట్లోనే తిరగాల, అంది.
గుడ్డు చుట్టూ తిరిగితే ఏమొస్తది టీచరమ్మా, అన్నా.
పిల్లొస్తది, అంది.

మొదట ముగ్గురం.
పాతచెప్పుల రబ్బరు కోసి మోకాళ్ళకి కట్టుకున్నాం.
చక్రాలకి కుట్టుమిషను నూనె.
నా మొగుడు హైవే మీద చలానా కట్టొచ్చి
హెల్మెట్ నా నెత్తిన ఉండటం చూసి
నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక
అన్నం పెట్టమన్నాడు.

పొద్దంతా గ్రేడింగు షెడ్డులో
పసుపాకు ఒక పక్క, మాడినాకు ఒక పక్క.
నన్నూ అట్టాగే తీసి పెట్టారు ఇన్నేళ్ళు:
ఆటోలో, "నువ్వు దిగు, ఇంకిద్దరు పడతారు."
పెళ్ళి ఫొటోలో, "కాస్త వెనక్కి జరుగు మాలకొండమ్మా."
టీచరు మాత్రం ముందు నిలబెట్టింది.
"నువ్వు గోడవి. జరగబాక.
మోచెయ్యి తగలకూడదు. భుజం తగలొచ్చు.
నడుమా? తగలాల."

నెట్టడం నాకు కొత్తా?
బేలు నెట్టా, బురదలో దిగబడ్డ ఆటో నెట్టా.
మనిషిని నెట్టడం, అదీ ఆటకి,
మొదటిసారి కోటేశ్వరి ఎగిరి పొగాకు దుమ్ములో పడితే
నేనే ఏడ్చా.
అది లేచి ముక్కు తుడుచుకుని
"మళ్ళీ గుద్దు వదినా" అంది.

కార్తీకం వానలు రేకుల మీద దంచేటప్పటికి
పదకొండు మందిమి.
రొయ్యల కంపెనీ నించి ఇద్దరు, వేళ్ళు ఇంకా ఐసులోనే ఉన్నట్టు.
చీమకుర్తి నించి సువార్త, కనురెప్పల మీద రాతిపొడి.
డిగ్రీ తప్పిన రమీజా.
నక్షత్రం టోపీ దానిదే.
నాలుగు గోడల మధ్య సందు చూసుకుని
గుప్పిట్లో చేపపిల్ల మాదిరి జారిపోద్ది.

జట్టుకి పేరు కావాలన్నారు.
సివంగులంది ఒకతి. తుఫానంది ఇంకొకతి.
స్తంభానికి ఒక చీటీ ఇంకా అంటుకునుంది,
కొనేవాడు లేక వెనక్కి పోయిన బేలుది.
నో బిడ్.
అందరం దాన్నే చూశాం. ఎవరం మాట్లాడలా.
రమీజా చీటీ పీకి హెల్మెట్‌కి అంటించుకుంది.

కందుకూరోళ్ళతో మొదటి ఆట ఓడాం.
నూట నాలుగు, అరవై ఒకటి.
చూడొచ్చిన మగాళ్ళు మొదట మా పిక్కలు చూశారు,
సగం అయ్యాక పాయింట్లు చూశారు,
ఆఖర్లో ఒక ముసలాయన నన్ను పేరు పెట్టి అరిచాడు:
"గోడా! ఎడం పక్క! ఎడం పక్క!"

తుంటి మీద వంకాయంత కమిలింది.
మర్నాడు షెడ్డులో ఆడోళ్ళు వరసలో వచ్చి చూశారు,
కొత్త నగ చూసినట్టు.
వాళ్ళల్లో నలుగురు సాయంత్రం వచ్చారు.
ఒకామె చక్రాలు చేత్తో తిప్పి, ఆ చప్పుడు విని,
ఏమనకుండా వెళ్ళిపోయింది. మూడో రోజు వచ్చింది.

ఫిబ్రవరికి బేళ్ళు దిగుతాయి.
మా గుడ్డు వాటి కింద పోద్ది.
అందుకే బస్సులో పోతా పోతా చూస్తన్నా,
కల్యాణమండపం గచ్చు,
మూతబడ్డ రైసుమిల్లు గచ్చు,
ఎక్కడ నునుపు, ఎక్కడ పగులు, మలుపు సరిపోద్దా.

ఈ జిల్లాలో ఇంత గచ్చు ఉందని
ఊడ్చినన్నాళ్ళూ తెలవలా.