ఆయిలు లెక్క

మురకంబట్టు దాటినాక ఎడమ పక్క
రేకుల షెడ్డు నాది.
ఆయిలు చూడాలంటే పొద్దున్నే చూడాల,
ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చదును సిమెంటు మీద.
తొందరపడితే పుల్ల కూడా అబద్ధం చెప్తాది.

ఆ లారీ వచ్చింది తోతాపురి సీజన్లో.
కొత్త బండి. రెండేండ్లు నిండలేదు.
తలుపు తీస్తే సీటు ప్లాస్టిక్ వాసన
మామిడి సొన వాసనతో ఇంకా పోట్లాడతా ఉంది.
ఓనరు దొరసామి నాయుడు వేళ్ళు మడిచి చెప్పినాడు:
"వెయ్యి కిలోమీటర్లకి లీటరు. యాడికి పోతా ఉంది?"
అడిగింది నన్ను. చూసింది డ్రైవర్ని.
ఏకాంబరం టైరు మీద చెయ్యేసి నిలబడినాడు
దాని తరపున వచ్చిన మనిషి మాదిరి.

లాప్‌టాప్ తగిలించినా. ఏ తప్పూ లేదంది.
కింద తెల్ల అట్ట పరిచి రాత్రంతా పెట్టినా,
తెల్లారి చూస్తే చీమలు తప్ప చుక్క లేదు.
రేడియేటరు నీళ్ళు నీళ్ళే.
టర్బో గొట్టం విప్పి వేలు తిప్పితే
పెండ్లికి పోతా మీసానికి రాసుకున్నంత తడి,
అంతే.
పాత బండ్లయితే నీలం పొగ వదిలి
తమ జబ్బు తామే చెప్పుకొనేవి.
ఇప్పటివాటికి గొంతుకాడ జల్లెడ.
కాలిందంతా లోపలే మింగి
బుద్ధిమంతుల మాదిరి నిలబడతాయి.

నాయుడు మళ్ళీ వచ్చినాడు. కుర్చీ వేస్తే కూర్చోలా.
"ఇంజను తాగలేదంటే మనిషే తాగినట్టు గదా."
బంగారుపాళెం డాబా కాడ క్యాన్లలో అమ్ముతారంట.
ఎవురో చెప్పినారంట.
రెండు నెలల బత్తాలో అప్పటికే కోత పడింది.
ఆ ముక్క ఏకాంబరం చెప్పలా,
క్లీనరు పిల్లోడు చెప్పినాడు, టీ గ్లాసు కడగతా.

నిజం చెప్పాల్నా?
నేనూ సగం నమ్మినా.
రింగులు విప్పేదానికంటే
మనిషిని అనుమానించేది సులువు.
స్పానరు కూడా అక్కర్లేదు.

"సీలెయ్యన్నా," అన్నాడు ఏకాంబరం.
మూతకి, పుల్లకి, అడుగు బోల్టుకి
తీగ చుట్టి సీసం నొక్కినా, ఎర్ర రంగు పూసినా.
కాయలేసుకొని పలమనేరు మీద కృష్ణగిరికి
నాలుగు ట్రిప్పులు తిరిగినాడు.
తొమ్మిదోనాడు చూస్తే
సీళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి.
పుల్ల మీద లీటరు లేదు.

ఆ మధ్యాన్నం, నీళ్ళు వదులుదామని
బ్రేకు గాలి ట్యాంకు కింద రింగు లాగినా,
చేతికి అలవాటైన పని.
ఉస్స్‌మని గాలి. దాని వెనకాల
నల్లగా, జిడ్డుగా, మాడిన బెల్లం పాకం మాదిరి
మోచేతి దాకా.

కంప్రెషరు.
గాలి నింపమంటే గాలితో పాటు
ఆయిలు కూడా నెడతా ఉంది, గుక్క గుక్క.
డ్రయ్యరు తుమ్మినప్పుడల్లా కాస్త రోడ్డు పాలు.
చిత్తూరు నుంచి కృష్ణగిరి దాకా
సన్నంగా చుక్కలు పడే ఉంటాయి, ఎవురు చూస్తారు.
ఇట్లే వదిలేసుంటే ఆ జిడ్డుకి రబ్బర్లు ఉబ్బి
ఏదో ఒక రాత్రి మొగిలి దిగుడులో
బ్రేకు కాలికింద మాట వినకపోను.
అప్పుడు లెక్క బత్తాతో తీరదు.

డ్రయ్యరు వెనకాల ఛాసిస్ మీద నల్ల మరక.
మొదటిరోజే చూసినా దాన్ని.
గ్రీజనుకొని తుడిచేసినా.
శుభ్రంగా పని చేస్తానని పేరు గదా నాకు.

నాయుడు బిల్లు చూసి "సరే" అన్నాడు.
కోసిన బత్తా సంగతి ఆయన ఎత్తలా. నేను ఎత్తినా.
"చూద్దాంలే" అని, మోగని ఫోను చెవికి పెట్టుకొని
ఎండలోకి నడిచినాడు.

ఏకాంబరం నా చేతిలో గుడ్డ అడిగినాడు,
నల్లది, తడి ఆరంది.
నాలుగు మడతలు పెట్టి, కవర్లో చుట్టి,
ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పర్మిట్ ఉండే రేకు డబ్బాలో
అన్నిటికంటే పైన పెట్టుకొన్నాడు.