సొర రాకముందు దాకా

మొదటి భాగం వచ్చినప్పుడు
అల్లూరు హాల్లో బెంచీ టిక్కెట్టు రూపాయిన్నర.
ఇసకపల్లి పాళెం నించి ట్రాక్టరు నిండా పోయినాం.
గంటసేపు సొర రానేలేదు.
నీళ్లు, నీళ్ల మీద పిల్లోడి టోపీ ఒకటి.
మునగదు, ఒడ్డుకీ రాదు.

మా చిన్నాయన అంకయ్య,
ఎడంచేతి వేళ్లు రెండు కొమ్ము సొరకి ఇచ్చి
మిగిలిన మూడింటితో వల లాగేవాడు,
కాళ్లెత్తి బెంచీ మీద పెట్టుకున్నాడు,
కింద సిమెంటు గచ్చేనని తెలిసీ.
తెల్లారి తెప్ప కట్టలేదు.
ఒళ్లు నలతగా ఉందన్నాడు.
పిన్నమ్మ నమ్మినట్టే మిరియాల కషాయం కాచింది.

రెండో భాగంలో
పేర్లు పడకముందే వచ్చేసింది సొర,
ముట్టె నించి తోక దాకా,
పెళ్లిచూపులకి ముస్తాబై కూర్చున్నట్టు.
ఇంక మేం దేనికి భయపడాల?
చిన్నాయన బీడీ ముట్టించినాడు.
"ఆ తోక చూడండ్రా, పైకీ కిందికీ కొడతా ఉంది.
సొర పక్కలకి కదా ఆడిస్తది, వాకిలి చిమ్మినట్టు!
ఇది తీసినోడు చేపల బజారు మొహం చూసినాడా?"
నాలుగు బెంచీలు గొల్లుమన్నాయి.
సరిగ్గా అప్పుడే తెర మీద ఒక తల్లి
గట్టున కూలబడి బిడ్డ కోసం ఏడస్తా ఉంది.
ఆమెని చూస్తే నాకు జాలేసింది,
బిడ్డని సొర తిన్నందుకు కాదు,
మేం నవ్వినందుకు.

మూడో భాగంలో సొర ఊరబావిలోకి వచ్చింది.
ఎట్టా వచ్చిందో చెప్పలేదు.
నాలుగో దాంట్లో రైలెక్కింది.
మొదటి భాగంలో చచ్చిపోయినోడి తెలుగు గొంతే
ఐదో భాగంలో పోలీసోడికి పెట్టినారు.
దయ్యమయి వచ్చినాడేమో అనుకున్నాం,
అదయినా బాగుండేది.
ఆరో భాగం నాటికి హాలు కల్యాణమంటపం అయిపోయింది.
వల కుడతా కుడతా ఫోన్లో చూసినాం,
సొర నోరు తెరిచినప్పుడు రీఛార్జి అయిపోయింది.
ఎవరూ ఏమీ అనలేదు.

మా అమ్మ మాలకొండమ్మ ఒక్క భాగమూ చూడలేదు.
పాల సొరని ఉడకబెట్టి, ఇసుకలాంటి తోలు రుద్ది,
ముళ్లు ఏరి, వెల్లుల్లి దంచేసి
పాళెంలో ప్రతి బాలింతకీ పుట్టు చేసి పెట్టేది.
నా ఇద్దరు బిడ్డలకీ పాలు పడింది దాంతోనే.
"సొర మనుషుల్ని తింటదంటనే?" అని అడిగింది ఒకసారి.
"మనం దాన్ని తినినంత కాదులేమ్మా" అన్నాను.
పొయ్యి ఊదతా చాలాసేపు నవ్వింది.

సినిమాలో అది భాగం భాగానికీ పెరిగింది,
మొన్న పోస్టర్లో ఓడని కొరకతా ఉంది.
అమ్మ కాలంలో ఒక్క సొరని
ఇద్దరు కావడేసి మోసేవాళ్లు.
కడలూరు బోట్లు సన్నకన్ను వలలతో
అడుగంతా ఊడ్చుకుపోయినాక
నిన్న గంపలో నాకు దొరికినవి మూడు,
మోచెయ్యంత లేవు,
కళ్లు తెరుచుకునే ఉన్నాయి.
కిలో ఆరు వందలు.
బేరమాడలేదు.
మా చిన్నదానికి నెలలు నిండినాయి.

చిన్నాయనకి ఇప్పుడు కళ్లల్లో పొర.
రాత్రి మంచం కోడు మీద చెయ్యేసి
"ఆ మొదటిది పెట్టు పాపా" అన్నాడు.
"మొత్తం వద్దు. సొర రాకముందు దాకా."
పెట్టినాను.
అరచేతిలో ఇన్ని నీళ్లు, కదలతా.
ఫోను మొహానికి ఆనించుకుని చూశాడు,
బయట అసలు సముద్రం హోరుమంటా ఉంటే.
కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు:
"టోపీ మునిగిందా?"
"ఇంకా లేదు" అన్నాను.