తిరగేసి చూసిన రుమాలు

దమ్మాములో మా రూముకు ఆరు మంచాలు.
నా పై మంచం సబ్దానిది.
ఏ దేశమంటే ఫిలిప్పీన్ అని కార్డు చూపెట్టేటోడు,
కార్డు జేబుల వడ్డంక మెల్లగ
'తౌసుగ్' అనేటోడు.
అంటే?
అరచేతిని గాలిల అడ్డంగ జరిపిండు.
సముద్రంల నీళ్లు ఉరికే దారి ఉంటది కద,
ఆ వాలు మీది మనుషులం.

నేను పుట్టపాకోణ్ని.
మా దిక్కు నీళ్లు ఉరకవు,
ఆరు వందల ఫీట్ల లోపల దాసుకుంటయి.
మోటరేస్తే దగ్గుకుంట వస్తయి,
తాగినోళ్ల పండ్ల మీద పసుపు గీత గీసి పోతయి.
సగం అరబ్బీ సగం హిందీల ఇదంత చెప్తే
సబ్దాని చానసేపు
నా పండ్ల దిక్కే చూసిండు.

శుక్రారం శుక్రారం
కొబ్బరి ముక్కను మంట మీద బొగ్గు చేసేటోడు.
రూమంత పొగ, జగిత్యాల పిలగాడు తిట్లు.
ఆ బొగ్గు నూరి పులుసు కాస్తే
అమాస రాత్రిని గిన్నెల పోసినట్టుండేది.
నేను పెద్దకూర తిననని
నాకోసం వేరే గిన్నెల కోడితోని చేసిండు.
నలుపంటే నాకు కొత్తనా?
ఇనుప తుప్పు, బెల్లం కుండల మురగబెట్టి
తేలియా రుమాలుకు నలుపెక్కించిన ఇంట్ల పుట్టిన.
రెండు సార్లు పోయించుకున్న.

రాత్రి ఫోన్ల ఇత్తడి గిన్నెల మోత పెట్టి
వేళ్లను వెనక్కి వంచి, నడుము కదలకుంట
చేతులు ఒక్కటే ఆడించేటోడు.
ఆసు మీద పోగు తిప్పే మా అమ్మ మణికట్టు
యాదికొచ్చి
గోడ దిక్కు మళ్లి పండుకునేటోణ్ని.

నిద్రల 'అమా, అమా' అని పిలిచేటోడు.
పాపం తల్లి గుర్తొచ్చిందని
తెల్లారి చాయ్ నేనే కలిపి ఇచ్చేది.
ఎనిమిది నెలలైనంక చెప్పిండు:
మా మాటల అమ అంటే నాయిన.
తల్లిని ఇనా అంటం.
నాయిన చేపలకు పోయిండు. పడవ ఒక్కటే వచ్చింది.

మనిషికి నాలుగు ప్రాణాలని వాళ్ల ముసలోళ్ల మాట.
షాబాను నెల నడిమి రాత్రి అందుల ఒకటి
కిందికి దిగి వస్తదట.
మర్నాడు గోరీలు ఊడ్చి శుభ్రం చేస్తరు.
మాకు ఊడ్వనీకి జాగనే లేదు, అన్నడు,
ఆ రాత్రి ఇనా గడప కాడ
మంచినీళ్ల గిన్నె పెట్టి కూసుంటది.
ఉప్పునీళ్లల్ల ఉన్నోనికి దూప గాదా.

నా అకామా అయిపోయిన నాడు
సూట్‌కేసుల ఒక గుడ్డ కుక్కిండు.
గజం చదరం. ఇనా నేసిందట.
పెండ్లిల మగోళ్లు తలకు చుట్టుకునేదట.

ఇంటికొస్తే మా అండాలు
రంగు చూడలే, ధర అడగలే,
మొదలు తిరగేసింది.
నేతోళ్ల కన్ను వెనక దిక్కుకే పోతది.
రెండు దిక్కులా ఒక్కటే పూత, ఒక్కటే మూలలు.
ఈమె ఎవలో గని
దాసుకున్నది ఏం లేదు, అన్నది.
మగ్గం గుంతల కూసొని లైటు కింద
నాలుగు రోజులు పోగులు లెక్కవెట్టింది.
ఒక మూలకు, ఎర్రది పోవల్సిన తావుల
పసుపు పోగు పోయింది.
గీడ తప్పు వడ్డది, అన్న నేను.
గీడ ఎవలో వచ్చి పిలిచిన్రు, అన్నది.

పెత్తరమాస.
సాటల బియ్యం, బీరకాయలు, చింతపండు.
అయ్యగారు మా పెద్దల పేర్లు రాసుకుంటున్నడు.
అండాలు ఇంకో దోసెడు పక్కకు పోసింది.
ఇది ఎవలికి?
అమకు.
అమ్మ పేరు చెప్పు.
అమ్మ గాదు, అమ. మగమనిషి.
వాళ్లది ఈ నెల గాదే, అన్న నేను చెవుల.
నీళ్లల్ల ఉన్నోనికి నెలలు ఎట్ల తెలుస్తయి,
అని ఇంకో పిడికెడు కలిపింది.
అయ్యగారు పెన్ను పట్టుకొని నా దిక్కు చూసిండు.
గోత్రం?

అరచేతిని
గాలిల అడ్డంగ జరిపిన.