సగం క్షవరం

లికాండో మెషిను నా కుడి చెవి దాటి
నడినెత్తికి చేరిందో లేదో
కరెంటు పోయింది.

అద్దంలో ఇద్దరం మాయమయ్యాం.
"కదలకు" అన్నాడు అలవాటు కొద్దీ.
ఎక్కడికని కదలను?
సగం తల కోసిన చేను,
సగం తల ఇంకా కోతకి రాని చేను.

లుసాకాలో, మా చావామా పేటలో,
ఇదేం కొత్త కాదు.
పైన వాన మొహం చాటేసింది,
కరీబా ఆనకట్ట దగ్గర నీళ్లు అడుగంటాయి,
ఇక్కడ నా జుట్టు ఆగింది.

రెండు రోజులు టోపీతో తిరిగాను.
ఆదివారం చర్చిలో టోపీ తీయక తప్పలేదు.
వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.
ముందు బెంచీ పెద్దాయన తల తిప్పి చూసి
మెల్లగా తన టోపీ తీశాడు.
ఆయనది ఎడమ సగం.

మా ఇంట్లో బల్బు స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంటుంది,
అదే మా కోడికూత.
రాత్రి రెండింటికి కళ్ల మీద వెలుగు కొడితే
నోసికు దిగ్గున లేచి
ఒక చేత్తో ఇస్త్రీపెట్టె, ఒక చేత్తో ఫోను తీగ.
రాత్రి పుట్టిందని ఆ పేరు పెట్టారట,
మా భాషలో నోసికు అంటే రాత్రి.
ఇప్పుడు బతకడం కూడా రాత్రిపూటే.

వీధిలోకి వస్తే పట్టపగలు.
వెల్డింగు నిప్పురవ్వలు, పిండిమర రొద,
వీపున నిద్రపోయే బిడ్డతో
నెత్తిన మొక్కజొన్నల గంపతో వరసలో ఆడవాళ్లు.
బొగ్గులమ్మే ముటాలే ఒక్కడే
తలుపు వేసుకుని హాయిగా గురక పెడుతున్నాడు.

లికాండో కొట్లో పెద్దాయన నాకన్నా ముందే కూర్చున్నాడు.
ఉద్యోగం ఎక్కడ అని ఎవరో అడిగారు.
"కరెంటాఫీసు" అన్నాడు,
అని, నేల చూశాడు.
మెషిను ఒక్క క్షణం ఆగింది.
"నాదీ ఇదే లైను నాయనా."
ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరం నవ్వాం.

నా వంతు వచ్చేసరికి నాలుగున్నర.
దువ్వెన పరిగెత్తింది, మెషిను పరిగెత్తింది,
మెడ మీద బ్రష్షు ఆడిస్తుండగా
మళ్లీ చీకటి.

ఇల్లు చేరి మంచం అంచున కూర్చున్నాను.
నోసికు అరచెయ్యి నా తల మీద
ఊరి పొలిమేర వెతికినట్టు మెల్లగా తిరిగింది.
"ఎడమ చెవి పైన కాస్త మిగిలిపోయింది"
అంది.