ఒక అక్షరం ఊడినచోట

మిర్చి యార్డు వెనక కోల్డ్ స్టోరేజీ గోడకి
ఒరిగి ఉంది రాయి.
ఆరువందల ఏళ్ళ వయసు, నడుం దాకా బస్తాల దుమ్ము.
గుంటూరులో శాసనం చదవాలంటే
ముందు తుమ్మాలి,
తర్వాత కళ్ళు తుడుచుకోవాలి.

నా పని చిన్నది.
రాయి కడుగుతాను. తడికాగితం పరుస్తాను.
బ్రష్షుతో కొడతాను,
పసిబిడ్డ వీపు తట్టినట్టు కాదు,
రేవులో దుప్పటి బాదినట్టూ కాదు,
ఆ రెండిటికీ మధ్య.
ఆపైన మసి అద్దుతాను.
రాయి మిగిలినచోట నలుపు, ఉలి తీసేసినచోట తెలుపు.
అక్షరమంటే
తీసేసినంత మేర.

పోలమ నాయుడి బిరుదులు పదకొండు పంక్తులు.
వాటిని నేను పట్టించుకోను,
సంతలో తూకపురాళ్ళలా ఏ రాజు దగ్గర చూసినా అవే.
పన్నెండో పంక్తిలో మనిషి మొదలవుతాడు.
కరువు ఏడు. తన గాదెల తాళాలు తీయించాడట,
అంబలి వరసలో తనూ ముంత పట్టుకు నిలబడ్డాడట.
పదమూడో పంక్తి:
ఎగువయూరిని ...ల్చి దిగువయూరికి నీరు దింపె.

ఆ చుక్కల దగ్గర ఒక అక్షరం లేదు.

గెల్చి?
కొల్చి?
పిల్చి?

కాల్చి?

భుజంగరావు గారు కారు దిగకుండానే చెప్పారు:
"పిల్చి అని రాసెయ్యండి. సెంటర్లో విగ్రహానికి
కంచు కూడా కొనేశాం, గుర్రంతో సహా."
గుర్రం ఊసు శాసనంలో లేదన్నాను.
"గుర్రం లేని రాజేంటండీ!" అద్దం పైకి లేచింది.

ఇశ్రాయేలు మాస్టారు బస్సులో వచ్చారు.
చేతిసంచిలోంచి మట్టిపెడ్డ తీసి బల్లమీద పెట్టారు.
"మా ఎగువూళ్ళో ఎవరు పునాది తవ్వినా
నిలువు లోతున ఈ నల్లచార."
ఏ పొయ్యి బొగ్గో చెప్పలేం.
ఆయన మొహం చూశాక ఆ మాట నోట రాలేదు.
దిగువూళ్ళో ఇంటికో పోలయ్య.
ఎగువూళ్ళో కుక్కని కసరాలంటే అదే పేరు.

రాళ్ళు కొట్టే వల్లెపు అంకాలమ్మ
తట్ట దించి, పెచ్చూడినచోట వేలు పెట్టి తడిమింది.
"ఊడింది కాదు బాబూ. కొట్టింది.
మూడు పోట్లు. ఎడంచేతి వాటం."
ఎవరు కొట్టారమ్మా?
"నేనప్పటికి పుట్టలా" అంటూ తట్ట ఎత్తుకుంది.

ఆ రాత్రి నిద్ర లేదు.
కాల్చి అని చెక్కించింది ఆయనే అయితే
చేసింది దాచుకోని మనిషి.
చెరిపించింది ఆయనే అయితే
సిగ్గెరిగిన మనిషి.
రెండూ ఆయనే అయితే?
అప్పటి పొగ ముసలితనంలో తిరిగొచ్చి కంట్లో పడి,
ఏ అర్ధరాత్రో కాగడా లేకుండా
తనే ఉలి పట్టుకుని ఇక్కడిదాకా నడిచొచ్చి...

ఊహ.
రిపోర్టులో ఊహకి గడి లేదు.

చివరి పంక్తి మాత్రం నిన్న చెక్కినట్టుంది:
ఈ నీరు చెఱచినవాడు
గంగకఱుత కవిలను చంపిన పాపాన పోవును.
దిగువూరికి దీవెన, ఎగువూరికి తిట్టు,
చేతిరాత ఒకటే.

చుక్కలు అలాగే ఉంచాను.
"ఒక అక్షరం లుప్తం." కింద సంతకం.
పిరికితనమని మాస్టారు అనలేదు గానీ,
బస్సెక్కుతూ ఆ మట్టిపెడ్డ నా దగ్గరే వదిలేశారు.

ఇంటికొచ్చేసరికి కొళాయి టైము.
మే నెల, బ్రాడీపేటలో చిట్టచివరి సందు.
మోటారు స్విచ్చి నేనే వేశాను.
ఎదురింటి కొళాయి గాలి మింగి
రెండుసార్లు దగ్గి
ఊరుకుంది.
మా ఇంట్లో ఉన్న బిందెలన్నీ నిండాయి.
ఆ నీళ్ళతోనే చేతుల మసి కడుక్కుని
అన్నానికి కూర్చున్నాను.