ఎడమచేతి డోలు

సిరొంచలో ఆ ఎండాకాలం
తునికాకు కల్లం ఎత్తేసిన మైదానంలో
రెండు వెదురుబొంగుల మధ్య తెర కట్టారు.
ఆకు వాసన ఇంకా మట్టిని వదల్లేదు.
ముందువైపు కూర్చుంటే రూపాయిన్నర,
వెనకవైపు ఉత్తిగనే.

వెనక కూర్చున్నవాళ్లకు అక్షరాలు తిరగబడతాయి,
పెళ్లికూతురి ముక్కుపుడక అటు మారుతుంది,
డోలు కొట్టే హీరోకు ఎడమచేతివాటం వస్తుంది.
పాటకు మాత్రం వెనకా ముందూ లేదు.

మేం ముందువైపు.
బాపు, అవ్వ, నేను, చాపమీద అప్పుడే నిద్రపోయిన తమ్ముడు.
చిన్నబాపు వెనకవైపు.
తెర కింద జానెడు సందులోంచి
అతని కాళ్లు కనబడుతున్నాయి,
పడవ బురద ఎండి తెల్లబడ్డ కాళ్లు.

నేను పాకే వయసులో అతను కల్లేదారు.
నలభై ఇళ్ల ఆకు పైసలు
చాందాలో మట్కాకు పెట్టి వచ్చాడు.
బాపు జోడెడ్లను అమ్మి
ఇల్లిల్లూ తిరిగి కట్టాడు.
అవ్వ వాకిట్లో నిలబడి ఒక్కటే మాట అన్నదట,
"ఈ కడప నీది కాదు."
తర్వాత ప్రాణహిత మీద పడవ వేసుకున్నాడు.
నది దాటాల్సొస్తే బాపు
ఇంకో పడవ కోసం పొద్దంతా ఒడ్డున కూర్చునేవాడు.

సినిమాలో అందరూ పాడతారు.
పోస్టుమాను పాడతాడు, పాలవాడు పాడతాడు,
అప్పిచ్చినవాడు కూడా రాగం తీసి బాకీ అడుగుతాడు.
అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది,
"గిట్ల పాడుకుంట అడిగితే మనమియ్యకపోదుమా?"

డోలు కొట్టేవాడు
అక్క ఇల్లు తాకట్టుపెట్టి పారిపోయినవాడు,
తల నెరిసి తిరిగొచ్చాడు.
తలుపు మూసి ఉంది.
మాట రాలేదు. డోలు ముందుకు లాక్కొని
వేళ్లతోనే, మెల్లగా, మొదలుపెట్టాడు.
లోపల్నించి పల్లవి అందుకుంది అక్క
తలుపు తీయకుండానే.

హిందీ పాట.
బడిలో నాది మరాఠీ, ఇంట్లో తెలుగు.
బాపు నా చెవి దగ్గరికి వంగాడు,
"ఏమంటుండు బిడ్డా?"
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
తెలీదంటే ఆరో తరగతి పరువు పోతుంది.
"ఆకలైతుందట," అన్నాను.

బాపు మళ్లీ తెరను చూడలేదు.
తెర కింది సందును చూశాడు.
చేతిలో పుట్నాల పొట్లం, అప్పటికి సగం,
మూతి మడిచి లేచాడు.
"బాపూ, ఇంకా ఐపోలే!"
జనరేటర్ పక్కనుంచి, కట్టిన మోకు దాటి,
చుట్టూ తిరిగి పోయాడు.

ఆ తలుపు తెరుచుకుందో లేదో నేను చూడలేదు.
నేను చూసింది
రెండు కాళ్ల పక్కకు ఇంకో రెండు కాళ్లు రావడం,
చాలాసేపు ఎడంగానే ఉండడం,
మధ్యలో నేలమీద పొట్లం,
దానిమీదికి ఒక చెయ్యి దిగి
ఆగి
మళ్లీ దిగడం.
అవ్వ కూడా అటే చూస్తోంది.
"ఇంట్ల అంబలి ఉన్నది," అంది,
ఎవరితోనూ కాదు.

అంతా సర్దుకుందని చెప్పను.
అవ్వ కంచం పెట్టేది కానీ
మూడేళ్లు పేరు పెట్టి పిలవలేదు.
ఆకు లెక్క మళ్లీ ఎవరూ అతని చేతికివ్వలేదు, అతనూ అడగలేదు.
ఇప్పటికీ మా ఇంట్లో తెగని తగువు ఒక్కటే.
ఆ డోలు ఏ చేత్తో కొట్టాడు?
నేను కుడి అంటాను.
చిన్నబాపు ఎడమ అంటాడు.
రెండు వైపులా చూసిన బాపు కూడా
ఎడమే అంటాడు.

మొన్న కొత్త వంతెన మీద బస్సులో
ఎవరి ఫోనులోనో ఆ పాట.
ఇప్పుడు నాకు హిందీ బాగానే వచ్చు.
చివరిదాకా విన్నాను.
వెన్నెల ఉంది, వాన ఉంది,
ఎక్కడిదో దూరదేశపు గాలి ఉంది.
ఆకలి మాటే లేదు.

కింద ప్రాణహిత సన్నగా, పడవలు లేకుండా.
బాపుకు చెప్పలేదు.